కీపర్ సామాను

హెల్మెట్ పెట్టుకున్న పది నిమిషాలకు మార్క్‌కు నుదుటి దగ్గర చురుక్కుమంది. చెమట దిగుతోందనుకున్నాడు. మార్చి నెలాఖరు, గురువారం. పొద్దున ఆరు కూడా కాలేదు, అప్పుడే గోడౌన్ రేకుల కింద ఉక్కపోత మొదలైంది. ఒంటి మీద ఉన్నదేమో మంచు మీద ఆడే ఆట కోసం ఏదో చలిదేశంలో కుట్టిన సామాను. కాళ్లకు తొడల దాకా మందపాటి ప్యాడ్లు, ఛాతీకి పరుపులాంటి కవచం, తల చుట్టూ స్పాంజి, ముఖానికి ఇనుప జాలీ. నల్లపాడు అవతల మంచు ఎక్కడుంటుంది? కోల్డ్ స్టోరేజీ ఆవరణలో ఒక ఖాళీ గోడౌన్, అందులో నున్నటి సిమెంటు గచ్చు ఉన్నాయి. బూట్ల కింద బ్లేడు ఉండాల్సిన చోట చక్రాలు ఉన్న స్కేట్లు వేసుకున్నారు. తక్కినదంతా ఐస్ హాకీయే.

శేషుబాబు ఎడమవైపు నుంచి వస్తున్నాడు. స్టిక్ కొసన నల్లటి రబ్బరు బిళ్ల అటూ ఇటూ ఊగుతోంది. మార్క్ మోకాళ్లు వంచి కూర్చున్నట్టుగా నిలబడి దాన్నే చూస్తున్నాడు. చురుకు నుదుటి నుంచి కనుబొమల్లోకి దిగింది. కళ్లు మూసి తెరిచాడు. ఆ రెప్పపాటులో బిళ్ల అతని కుడికాలి పక్కనుంచి వలలో పడింది.

"పండగే పండగ," అన్నాడు శేషుబాబు, వెనక్కి జారిపోతూ. "ఆదివారం కూడా ఇట్టాగే నిలబడు మార్కూ. తాడేపల్లి వాళ్లు పాపం అంత దూరం నుంచి వస్తున్నారు."

మార్క్‌కు రెండు కళ్లూ ఒక్కసారిగా మండిపోయాయి. గ్లవ్ లాగేసి జాలీ సందులోంచి వేలు పెట్టి కన్ను తుడుచుకున్నాడు. అదే తప్పయింది. వేలికీ అదే మంట ఉంది. స్టిక్ వదిలేసి, గడ్డం కింద బొత్తం తడుముకుని, హెల్మెట్ ఊడదీసి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

మెడికల్ షాపు అస్లాం ముందుగా వచ్చాడు. నీళ్ల సీసా తెచ్చి, మార్క్ తల వెనక్కి వంచి కళ్లలో ధారగా పోశాడు. రుద్దవద్దని చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత హెల్మెట్ తీసి లోపలి స్పాంజిని ముక్కు దగ్గర పెట్టుకుని వరసగా మూడుసార్లు తుమ్మాడు.

"కారం అన్నా ఇది," అన్నాడు.

అందరూ చుట్టూ చేరారు. అస్లాం స్పాంజిని వేలితో నొక్కితే రెండు పొరల మధ్య నుంచి పసుప్పచ్చటి మిరపగింజ ఒకటి గచ్చు మీద పడింది. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కోల్డ్ స్టోరేజీ యజమాని కొడుకూ, జట్టు కెప్టెనూ అయిన త్రినాథ్ ఆ గింజను చూశాడు, తర్వాత ఒక్కొక్కరి ముఖం చూశాడు. ఇది ఆకతాయి పని కాదనీ, కళ్లు పోతే ఎవరు జవాబుదారనీ మెల్లగానే అన్నాడు. ప్రాక్టీసు అంతటితో ఆపేశారు.

అస్లాం పట్టుకుని నడిపిస్తే మార్క్ గోడౌన్ వరండాలోకి వచ్చాడు. ఎప్పుడూ సామాను తొడుక్కునే బల్ల మీదే కూర్చుని, ఎప్పటిలాగే ఒక్కొక్క బకిల్ విప్పాడు. కళ్లు తెరవకుండానే విప్పగలిగాడు. ఏడు గంటలకు అదే ఆవరణలో, అవతలి పక్కనున్న కంప్రెసర్ గదిలో డ్యూటీ. ఆ రోజు హెల్మెట్టూ గ్లవ్సూ సంచిలో వేసుకుని తన వెంట తీసుకుపోయాడు.

సాయంత్రం ఫెబా అతని కనురెప్పల మీద పెరుగు పూసి పడుకోబెట్టింది. పక్కనే చాప మీద కూర్చుని స్క్రూడ్రైవర్‌తో హెల్మెట్ విప్పడం మొదలుపెట్టింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. విరిగిన బొమ్మలు బిగించే అలవాటుంది. ఏ స్క్రూ ఏ చిల్లుదో మార్క్ పడుకునే చెబుతున్నాడు. పక్కన సైజు సరిచేసేవి రెండు, వెనక ఒకటి, జాలీకి పైన రెండు.

ఆ హెల్మెట్ అతనే ఏరుకున్నాడు. ఏడాది కిందట త్రినాథ్ ఢిల్లీలో ఆడేవాళ్ల దగ్గర వాడేసిన సామాను రెండు గోతాల నిండా తెప్పించి గచ్చు మీద కుమ్మరిస్తే అందరూ రంగులు చూసి ఎగబడ్డారు. మార్క్ ఇంటి నుంచి టేపు తెచ్చుకున్నాడు. కనుబొమలకు వేలెడు పైన టేపు చుట్టి కొలుచుకున్నాడు. హెల్మెట్ పెట్టుకుని, బొత్తం పెట్టకుండా తల వంచి ఊపి చూశాడు. ఊడిపడనిది ఒక్కటే దొరికింది. ప్యాడ్లు కూడా నిలబడి చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, మోకాలిచిప్ప సరిగ్గా గుంటలో పడుతోందా లేదా అని చూశాడు. కొత్తలో అంతా బిగువుగా ఉండాలనీ, చెమటకు అదే వదులవుతుందనీ అతనికి ఎవరూ చెప్పలేదు. గాస్కెట్లు, వాల్వులు బిగించిన చేతికి తెలిసిపోయింది. జట్టులో కీపర్ సామాను ఆ ఒక్కటే. వారం నుంచి శేషుబాబు దానికోసం చూస్తున్నాడు. ఆదివారం ఆట వీడియో తీస్తారట. స్క్రూలు వదులు చేస్తే తనకూ పడుతుందని త్రినాథ్‌తో రెండుసార్లు అన్నాడు. త్రినాథ్ భార్యకు సొంత తమ్ముడు అతను. గోల్‌లో ఎవరు నిలబడేదీ శనివారం చెబుతానన్నాడు త్రినాథ్.

ఫెబా స్పాంజి ముక్కల్ని సబ్బునీళ్లలో పిండింది. నీళ్లు ఎర్రగా దిగాయి. పారబోసి మళ్లీ పిండింది. నాలుగోసారికి గానీ తెల్లబడలేదు.

"గుప్పెడు పోసినట్టుంది," అంది.

అంతే అంది. పన్నెండేళ్ల కూతురు ఆరాధన ఎవరు పోశారని అడిగితే హోంవర్క్ చూసుకోమంది.

శుక్రవారం మధ్యాహ్నం త్రినాథ్ కంప్రెసర్ గదికి వచ్చాడు. మామూలుగా రాడు. ఆ చప్పుడులో మాట వినబడదు. మార్క్ గంటకోసారి రాసే రీడింగులు రాస్తున్నాడు. లోపలి గదుల్లో మిరపకాయ లక్ష బస్తాలకు పైగా ఉంది. ఏ గేజీలో ముల్లు ఎంత కదిలితే ఎక్కడ తేడా వస్తుందో పదకొండేళ్లుగా అతనే చూస్తున్నాడు. త్రినాథ్ కళ్లెలా ఉన్నాయని అడిగాడు. డాక్టరుకు చూపించుకొమ్మన్నాడు. తర్వాత తలుపు దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"ఎవరి మీదన్నా అనుమానం ఉంటే చెప్పు మార్క్. నీ పేరు బయటికి రాదు."

మార్క్ ముల్లు వంక చూస్తూ నిలబడ్డాడు. నిన్నటి నుంచి ఆ ఒక్కమాటే లోపల తిరుగుతోంది. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే బుధవారం సాయంత్రం జట్టువాళ్లలో ఒక్క శేషుబాబే వచ్చి వెళ్లాడని చెప్పాడు. చేతిలో శాంపిల్ మిరపకాయల సంచి ఉందట కూడా.

"బుధవారం సాయంత్రం శేషుబాబు గారు వచ్చారంటండి," అన్నాడు.

చేశాడని అనలేదు. వచ్చాడని మాత్రమే అన్నాడు. త్రినాథ్ తలూపాడు. అతని ముఖంలో బాధకన్నా తేలికదనం ఎక్కువ కనబడింది. వాడు చిన్నప్పటి నుంచీ అంతేననీ, తన బావమరిదని ఊరుకోననీ, తాను చూసుకుంటాననీ అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, ఆదివారం గోల్‌లో నువ్వే అన్నాడు.

మార్క్ వెనక్కి వచ్చి రీడింగు రాయబోతే ఇందాక చూసిన అంకె గుర్తురాలేదు. మళ్లీ వెళ్లి చూసి రాశాడు.

శనివారం భోజనాల వేళ, కడిగి ఆరబెట్టి బిగించిన హెల్మెట్ తీసుకుని గోడౌన్ వైపు వెళ్లాడు. వరండాను ఆనుకునే రేకుల పంచ ఉంది. దాని కింద పదిమంది ఆడవాళ్లు మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. వేళ్ల కొసలకు సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కున్నారు. టక్ టక్‌మని ఆగకుండా తొడిమలు విరుగుతున్నాయి. వరండా గట్టుకు దగ్గరగా కూర్చున్న గురవమ్మ అతణ్ని చూసి ముఖం మీది గుడ్డ కిందికి లాగింది. వాళ్ల పేటలో రెండు వీధుల అవతల ఉంటుంది ఆమె. అతన్ని చిన్నప్పటి నుంచి ఎరుగును.

బుధవారం శేషుబాబు ఇటు వచ్చాడా అని అడిగాడు మార్క్. ఆ మాట ఒక్కటి ఖాయం చేసుకుంటే మనసు కుదుటపడుతుందనుకున్నాడు.

"ఆ బాబా? కాటా కాడ నిలబడి ఫోను మాట్టాడుకుని అటే పోయాడు. ఇటు రాలా," అంది.

"సరిగ్గా చూశావా అత్తా?"

"చూడకేం. వాన కంగారులో ఉన్నాం, ఒక చెయ్యి వేస్తాడేమోనని చూశా." తొడిమ ఒకటి విరిచి పారేసింది. అతని చేతిలో హెల్మెట్ మీద ఆమె చూపు నిలిచింది. చేతులు ఆగాయి. "నీ కళ్లు మండినయ్యంట. ఈ టోపీ వల్లేనా?"

మార్క్ తలూపాడు.

తిట్టనంటే చెబుతానంది. బుధవారం పొద్దుగూకే వేళ మబ్బు కమ్మి నాలుగు చినుకులు పడ్డాయి. మేస్త్రి కేకలు పెడుతుంటే బయట ఎండబోసిన రాశినంతా పట్టాలతో ఎత్తి వరండాలో గుమ్మరించారు. బల్ల మీదా, బల్ల కిందా కాయలే. టోపీ, చేతితొడుగులు కాయల్లో కూరుకుపోయాయి. తెల్లారకముందే వచ్చి రాశి తీసేటప్పుడు కనబడితే ఆమే తీసి, చీరకొంగుతో పైనంతా తుడిచి, బల్ల మీద ఉన్నవి ఉన్నట్టు పెట్టింది.

"పైపైన తుడిచానయ్యా. లోపల దూది ఉంటదని నాకేం తెలుసు."

మార్క్ గట్టు మీద కూర్చున్నాడు. ఒకటి అతనికి అర్థం కాలేదు. బుధవారం ఒక్కరోజే సామాను బయట ఎందుకుంది? ప్రాక్టీసు అయ్యాక అతను డ్యూటీకి పరుగెత్తాలి. బల్ల మీద విప్పి పెట్టి పోతాడు. గుమాస్తా చెంచురామయ్య అందరి సామానూ ఉండే గదిలో పెట్టి తాళం వేసి, తెల్లవారి అతను వచ్చేసరికి మళ్లీ తెచ్చి బల్ల మీద సర్దుతాడు. కీపర్ సామాను బరువని ఆ పెద్దాయన అంత శ్రమ తీసుకుంటున్నాడని మార్క్‌కు మొహమాటంగా కూడా ఉండేది. మొన్న క్రిస్మస్‌కు ఫెబా చేత కేకు ప్రత్యేకంగా చేయించి డబ్బాలో పెట్టి ఇచ్చాడు.

ఆ మాటే గురవమ్మను అడిగాడు. బుధవారం చెంచురామయ్య గారు లోపల పెట్టడం మరిచిపోయారా అని.

ఆమె అతని వంక చూసి, పక్కనున్న మనిషి వంక చూసి, మళ్లీ కాయల వంక చూసింది.

"లోపలికి ఎప్పుడు పోయిందయ్యా అది?" అంది. "నువ్వు ఇప్పి పోతావు. తెల్లారి వచ్చి తొడుక్కుంటావు. మధ్యలో ఎక్కడికీ పోదు. ఇన్నాళ్లూ పత్తి బోరాలు ఉండేవి కాబట్టి ఏం కాలా. ఇప్పుడు కాయ వచ్చింది."

టక్ టక్‌మని చప్పుడు మళ్లీ మొదలైంది. వాళ్లెవరూ తల ఎత్తలేదు.

చెంచురామయ్య సామాను గది గడప దగ్గర కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. డెబ్బయ్యేళ్లు ఉంటాయి. త్రినాథ్ నాన్న దగ్గర మొదటి నుంచీ ఉన్న మనిషి. ఆయన భుజం మీదుగా మార్క్‌కు గది కనబడింది. గోడకు వరసగా మేకులు, మేకులకు హెల్మెట్లు, గ్లవ్సు. త్రినాథ్‌ది నీలం, శేషుబాబుది ఎరుపు, అస్లాంది తెలుపు, జట్టులోనే ఆడే బ్యాంకు ఆయనదీ, లెక్చరర్‌దీ, మరో ఇద్దరివీ. మొత్తం ఏడు మేకులు. ఏడూ నిండి ఉన్నాయి. ఎదుటి గోడకు దేవుడి పటం, కింద ఇత్తడి దీపపు కుంది.

"నా సామాను లోపల పెట్టరాండీ?" అని అడిగాడు మార్క్.

చెంచురామయ్య పేపరు మడిచాడు. ఆయన ముఖంలో కోపం లేదు. కొంచెం ఆశ్చర్యం ఉంది.

"ఎందుకిప్పుడు ఆ మాట?"

"ఊరికే. అడుగుతున్నాను."

"లోపల పటం ఉంది. పొద్దున్నే దీపం పెడతాను. నీకు తెలుసనుకున్నానే." ఆయన కళ్లజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నాడు. "నువ్వు కూడా ఏనాడూ గడప లోపలికి రాలేదు గదా. తెలిసిన మనిషివి, మర్యాద తెలిసినవాడివి అనుకున్నాను."

మార్క్ గడప వంక చూశాడు. నిజమే. ఏడాదిలో ఒక్కసారి కూడా ఆ గదిలో కాలు పెట్టలేదు. మొదటిరోజు ఆ బల్ల మీద కూర్చుని తొడుక్కున్నాడు. వరండాలో గాలి ఉంటుందని తనకు తానే చెప్పుకున్నాడు. రెండో రోజు నుంచి ఆ చెప్పుకోవడం కూడా అక్కర్లేకపోయింది.

"త్రినాథ్ గారు చెప్పారాండీ, బయట ఉంచమని?"

"బస్తాలు ఎక్కడ దించాలో చెబుతారు. ఇట్టాంటివి చెబుతారా?" అన్నాడు చెంచురామయ్య, పిల్లవాడికి లెక్క చెప్పినంత ఓపిగ్గా. "నువ్వు మంచోడివి మార్కూ. ఆట ఆడుకో. లేనిపోనివి బుర్రకెక్కించుకోకు."

ఆ సాయంత్రం త్రినాథ్ ఫోన్ చేశాడు. శేషును గట్టిగా నిలదీశాననీ, ఒప్పుకోవడం లేదనీ, అయినా రేపు అందరి ముందూ సారీ చెప్పిస్తాననీ అన్నాడు. తన జట్టులో అందరూ ఒకటేననీ, ఆ సంగతి వాడికి తెలిసిరావాలనీ అన్నాడు. మార్క్ ఊఁ కొడుతూ విన్నాడు. ఫోన్ పెట్టేశాక జరిగినదంతా ఫెబాకు చెప్పాడు. ఆమె మర్నాటి ప్రార్థనకు ఆరాధన గౌను ఇస్త్రీ చేస్తోంది. చివరిదాకా పెట్టె ఆపకుండా విన్నది. ఆశ్చర్యపోలేదు. అది అతనికి ఇంకా కష్టంగా తోచింది.

ఏం చేద్దామంటావని అడిగాడు. ఇటు పదకొండేళ్ల ఉద్యోగం ఉంది. ఊరుకుంటే ఉద్యోగమూ ఉంటుంది, గోల్‌లో చోటూ ఉంటుంది, పైగా సారీ కూడా వస్తుంది. మేస్త్రికి చెప్పి రాశి ఇంకో పక్కకు పోయించుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు.

ఫెబా గౌను మడతపెట్టింది.

"ఆ సారీ పుచ్చుకుంటే ఇంక ఆ గది సంగతి ఎప్పటికీ అడగలేవు," అంది. పెట్టె పక్కన పెట్టి, "అడుగుతావో లేదో నీ ఇష్టం. ఆ అబ్బాయి పేరు మాత్రం నువ్వు చెప్పావు. అది వెనక్కి తీసుకోవాలి," అంది.

ఆదివారం తొమ్మిదిన్నరకు చర్చి. అందుకే ఆట ఆరింటికి పెట్టించాడు మార్క్. అతను వచ్చేసరికి తాడేపల్లి జట్టు రెండు కార్లలో దిగి ఉంది. అపార్ట్‌మెంట్ల మనుషులు. చక్రాల సంచుల్లోంచి కొత్త సామాను తీసి కార్ల వెనకే తొడుక్కుంటున్నారు. కెమెరా కుర్రాళ్లు గోడౌన్‌లో దీపాలు సరిచేస్తున్నారు. వరండాలో బల్ల తుడిచి ఉంది. ప్యాడ్లూ, కవచమూ దాని మీద వరసగా పేర్చి ఉన్నాయి.

త్రినాథ్ అందరినీ సామాను గదిలోకి పిలిచాడు. ఆరుగురూ గోడల వెంట నిలబడ్డారు. చెంచురామయ్య పటం ముందు కుందిలో నూనె పోస్తున్నాడు. మార్క్ గడప అవతల ఆగాడు. అక్కడ ఆగానని ఈసారి అతనికి తెలిసింది.

"చెప్పు," అన్నాడు త్రినాథ్, బావమరిది వంక చూసి.

శేషుబాబు ముఖం కందిపోయి ఉంది. నిన్న నిద్రపోయినట్టు లేడు.

"నేను చెయ్యలేదు బావా."

"అవన్నీ అయిపోయినయ్. ఒక్క మాట చెప్పు, ఆట మొదలెడదాం. వాళ్లు ఎదురుచూస్తున్నారు."

"చెయ్యని దానికి ఎందుకు చెప్పాలి? పురుగుమందుల కొట్లో కూర్చుంటా గానీ మనిషి కళ్లలో కారం కొట్టే రకాన్ని కాదు. అక్కనడుగు."

"శేషూ."

ఆ ఒక్క పిలుపుతో శేషుబాబు దవడలు బిగుసుకున్నాయి. నేల చూపులు చూస్తూ, నోరు తెరవబోయాడు.

"చెప్పించకండి," అన్నాడు మార్క్. "ఆయన చెయ్యలేదు."

అందరూ గడప వైపు తిరిగారు. మొన్న నువ్వే కదా చెప్పిందని త్రినాథ్ అన్నాడు. ఆ మాటతో పేరు బయటపడింది. శేషుబాబు చప్పున తలెత్తి మార్క్‌ను చూశాడు.

"చెప్పాను. తప్పు చెప్పాను," అన్నాడు మార్క్.

"మరి ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదండి. బుధవారం చినుకులు పడితే కాయలు వరండాలో పోశారు. నా సామాను వరండాలో ఉంది. అందులో కూరుకుపోయింది." ఊపిరి తీసుకున్నాడు. "బుధవారం ఒక్కరోజే కాదు. ఏడాదిగా రాత్రీ పగలూ అక్కడే ఉంటోంది. నాకు నిన్న తెలిసింది."

"వరండాలో ఎందుకు..." అని మొదలుపెట్టాడు త్రినాథ్.

అక్కడ ఆగిపోయాడు. మార్క్ అతని ముఖమే చూస్తున్నాడు. త్రినాథ్ చూపు చెంచురామయ్య చేతిలో నూనె సీసా మీదికి వెళ్లింది. అక్కణ్నుంచి పటం మీదికి, పటం నుంచి నేల మీదికి దిగింది. అడగవలసిన మాట సగంలో అలాగే ఉండిపోయింది. నిన్నటి నుంచి మార్క్‌ను నిద్రపోనివ్వనిది ఆ ఒక్క సంగతే, త్రినాథ్‌కు తెలుసా తెలియదా అన్నది. ఇంక అడగనక్కర్లేకపోయింది. పక్కన అస్లాం వంగి, కట్టుకున్న లేసునే మళ్లీ కట్టుకుంటున్నాడు. లెక్చరర్ తన స్టిక్‌కు చుట్టిన టేపును గోకుతున్నాడు.

బయటినుంచి తాడేపల్లి వాళ్లెవరో, రెడీయేనా అండీ అని కేకేశారు.

"సరే, ఆట అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు త్రినాథ్. "వెళ్లి తొడుక్కో మార్క్. టైమవుతోంది."

మార్క్ బల్ల దగ్గరికి వెళ్లాడు. ప్యాడ్లు రెండూ ఒక చంకలో, కవచం ఇంకో చంకలో పెట్టుకున్నాడు. స్కేట్లు లేసులతో మెడకు తగిలించుకున్నాడు. గ్లవ్సు హెల్మెట్‌లో వేసి పట్టుకున్నాడు. అంత బరువుతో పక్కకు తిరిగి గడప దాటి లోపలికి వచ్చాడు. గచ్చు చల్లగా తగిలింది. గోడవార బెంచీ మీద సామాను దించి కూర్చున్నాడు.

చెంచురామయ్య అగ్గిపెట్టె తీసినవాడల్లా మళ్లీ జేబులో వేసుకున్నాడు. బయటికి వెళ్లాడు.

కీపర్ తయారు కావడానికి పావుగంటపైనే పడుతుంది. ముందు స్కేట్లు. లేసును కింది నుంచి ఒక్కొక్క చిల్లు దగ్గరా లాగి బిగించాలి. చీలమండ దగ్గర కాస్త వదలాలి, లేకపోతే మోకాళ్ల మీద కూర్చోలేరు. మార్క్ తలెత్తకుండా లాగుతున్నాడు. మేకుల మీది నుంచి సామాను దిగుతున్న చప్పుడు వినబడుతోంది. ఎవరో లోపల ఉక్కగా ఉందన్నారు. బ్యాంకు ఆయన తన స్కేట్లు పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. లెక్చరర్, అతని వెనకే మిగతా ఇద్దరూ వెళ్లారు. త్రినాథ్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, దానిలో ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లాడు. అస్లాం గడప దగ్గర ఒక్క క్షణం తటపటాయించాడు. నువ్వు పట్టించుకోవడం లేదేమో అనుకున్నానన్నా అన్నాడు. మార్క్ విన్నాడు. అస్లాం కూడా వెళ్లాడు. వరండాలో బల్ల మీద ఇరుక్కుని కూర్చుంటున్న చప్పుడు అయింది.

మార్క్ ఎడమకాలి ప్యాడ్ కట్టాడు. మోకాలి మీద వంగి చూశాడు. చిప్ప గుంటలో పడింది. కుడికాలిది కట్టాడు. ఒక బకిల్ రెండుసార్లు తప్పింది. కవచం తలమీదుగా వేసుకున్నాడు. దాని పట్టీలు వెనకవైపు, వెన్నుపూస మీదకు వస్తాయి. ఎంత వంగినా సొంత చేతికి అందవు. కుడిచెయ్యి వెనక్కి పెట్టి తడిమాడు. పట్టీ కొస వేళ్లకు తగిలి జారిపోయింది. ఎడమచేత్తో తడిమాడు. బయట తాడేపల్లి వాళ్ల చక్రాలు గచ్చు మీద గరగరమంటున్నాయి. ఎవరో విజిల్ ఊది చూశారు. వరండాలోకి కేకేస్తే అస్లాం వస్తాడు. మార్క్ కేకేయలేదు.

గదిలో ఇంకొకరు ఉన్నారని అప్పుడు తెలిసింది. శేషుబాబు అవతలి గోడకు ఆనుకుని, ఎర్ర హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకా తొడుక్కోలేదు. మార్క్ చెయ్యి వెనక తడుముకోవడం చూస్తున్నాడు.

హెల్మెట్ బెంచీ మీద పెట్టాడు. వెనక్కి వచ్చి పట్టీ అందుకున్నాడు. ఒక్క గుంజు గుంజాడు. మార్క్ ముందుకు తూలి బెంచీ అంచు పట్టుకున్నాడు.

"నా పేరెందుకు చెప్పావు?"

నిన్నటి నుంచి మార్క్ తనకు తాను చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి. వాచ్‌మన్ మాట, శాంపిల్ సంచి, గోల్ కోసం పోటీ. అవన్నీ పక్కన పెట్టాడు.

"మీ పేరు చెప్పడం తేలికయింది," అన్నాడు.

శేషుబాబు మొదటి పట్టీ బకిల్‌లో దూర్చాడు. అతని ఊపిరి మార్క్ మెడ మీద వేడిగా తగులుతోంది. రెండో పట్టీ అందుకుని చాలాసేపు దాన్ని వేళ్ల మధ్య పట్టుకునే ఉన్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నీ సామాను బయట ఉంటుందని. అందరికీ తెలుసు."

"తెలుసని ఇప్పుడే అర్థమైందండి."

శేషుబాబు పట్టీ దూర్చి లాగాడు. బయట త్రినాథ్ ఇద్దరి పేర్లూ కలిపి పిలిచాడు.

"సరిపోయిందా?"

మార్క్ భుజాలు కదిలించి చూశాడు. కవచం ఇంకా వేలెడు జారుతోంది.

"లేదు. ఇంకొంచెం లాగండి."

శేషుబాబు అతని వీపుకు మోకాలు ఆనించి, రెండు చేతులా పట్టుకుని లాగాడు.